తెరిచి ఉన్నవాళ్ళు

ఆ వేసవిలో మా ఆయన నెవిల్ ఒక సిపాయిని చంపేశాడు. ఆ చావు తప్పని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

చంపడమన్నది మా గుంపులో వాడే మాట. యార్క్‌లో, ఫుల్‌ఫర్డ్ రోడ్డు మీద, చర్చి వెనక గదిలో గురువారం మధ్యాహ్నాలు కొందరం కూర్చుంటాం. విక్టోరియా రాణి కాలంలో ఆ రోడ్డు చివరి బారక్స్‌లో మకాం చేసిన ఆశ్విక దళాల్లోంచి ఒకే ఒక్క దళం తీసుకుని, అందులో ఒక్కొక్క మనిషినీ వెతుకుతుంటాం. ఎవరి కొడుకు, ఎవర్ని పెళ్ళి చేసుకున్నాడు, ఎక్కడ పోయాడు. ఒకడు క్రిమియా యుద్ధంలో గుర్రంతో సహా పోయాడు. ఒకడు మీరట్‌లో కలరా తగిలి పోయాడు. ఒకడు సైన్యం వదిలి లీడ్స్‌లో పావురాలు పెంచుకుంటూ ముసలివాడై పోయాడు. చావు దొరికితే ఆ మనిషి మూసుకున్నట్టు. దొరక్కపోతే తెరిచి ఉన్నట్టు. వారమంతా వెతికి చావు దొరికించుకున్నవాళ్ళు "మావాణ్ణి చంపేశానోయ్" అని నవ్వుతూ లోపలికొస్తారు. కొత్తగా చేరినవాళ్ళు ఉలిక్కిపడతారు.

అయితే తెచ్చిన చావుని తెచ్చినట్టు ఒప్పుకోం. ఇంకొకరు దాన్ని పడగొట్టడానికి చూడాలి. రాళ్ళు వెయ్యడం అంటాం దాన్ని. వయసు కలవలేదని ఒక రాయి, ఊరు కలవలేదని ఒక రాయి. ఒక జిల్లాలో ఒకే పేరుతో ఎంతమందో ఉంటారు. కావలసిన మనిషి దొరక్క విసిగిపోయి, దొరికినవాణ్ణే మనవాణ్ణి చేసేసుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్ళు చేసే తప్పు. రాళ్ళన్నిటికీ నిలబడితేనే చావు చావు. నెవిల్ తెచ్చినవాటి మీద రాళ్ళు వేసే పని నాది. ఇంట్లో పెళ్ళాం విసిరేవాటికి తట్టుకున్నవాడు ఇక్కడేం పడతాడులే అని మ్యూరియెల్ ఎగతాళి చేసేది. మ్యూరియెల్ మా అందరికన్నా పెద్దది. గుంపు మొదలుపెట్టింది తనే. ఆ దళంలో నిజంగా ముత్తాత ఉన్నది ఆమె ఒక్కదానికే.

ఆ మే నెలకి మా దళంలో తెరిచి ఉన్నవాడు ఒక్కడే మిగిలాడు. ఏమస్ థాక్రే. గుర్రాలకి నాడాలు కొట్టేవాడు. పద్దెనిమిదివందల అరవై రెండు వేసవిలో ఒక పొద్దున గుర్రాలకి నీళ్ళు పెట్టి, బారక్స్ గేటు దాటి వెళ్ళాడు. తిరిగి రాలేదు. మణికట్టు మీద కాలిన మచ్చ, గోధుమరంగు జుట్టు అని ఆనవాళ్ళు ప్రకటించి, పరారీ అని రాసుకున్నారు. ఆ తర్వాత పెళ్ళి లేదు, పిల్లలు లేరు, చావు లేదు.

వీణ్ణి వెతికి వెతికి తన కళ్ళు పోతున్నాయనీ, ఇక ఎవరైనా తీసుకోవాలనీ మ్యూరియెల్ అంది. ఆమె మాట పూర్తి కాకముందే నెవిల్ తనకివ్వమన్నాడు. ఆమె నా వంక చూసింది.

"వద్దులే నెవిల్. వీడు మహా మొండివాడు. నీకింకెవర్నైనా ఇస్తాను."

"ఇంకెవరున్నారు, అందర్నీ చంపేశాంగా" అన్నాడు నెవిల్.

అందరూ నవ్వారు. మ్యూరియెల్ నవ్వలేదు.

మా అబ్బాయి ఏడ్రియన్ ఇంట్లోంచి వెళ్ళి ఆ నెలకి ఏడేళ్ళు నిండాయి. అప్పుడు వాడికి ముప్ఫై. ఒక పొద్దున టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, ఫోను అల్మారా మీద వదిలేసి వెళ్ళాడు. గొడవేమీ జరగలేదు. అంతకుముందు చలికాలమంతా వాడు మాట తగ్గించేశాడు, అంతే. పోలీసులు నది వెతికారు. స్టేషన్లలో వాడి ఫొటోలు అంటించాం. మొదట్లో ఎవరెవరో ఫోన్లు చేసేవారు, గ్లాస్గోలో చూశాం, బ్రైటన్‌లో చూశాం అని. నెవిల్ ప్రతిచోటికీ వెళ్ళొచ్చాడు. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. మరుసటేడు నెవిల్ ఈ గుంపులో చేరాడు. రైలు పెట్టెల కర్మాగారంలో జీవితమంతా పనిచేసిన మనిషి, అంతకుముందు తన తాత పేరు కూడా సరిగా తెలియని మనిషి, ఎవరికీ ఏమీకాని సిపాయిల చావుల కోసం అర్ధరోజులు కంప్యూటరు ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నేనూ వెంట వెళ్ళాను.

ఏడేళ్ళు కనబడని మనిషికి కోర్టులో చావు కాగితం అడగవచ్చు. ఆ సంగతి నెవిల్ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మేమిద్దరం ఎదురు చూస్తున్నది ఒకే దానికోసం కాదని అప్పటికే నాకు తెలుస్తోంది. ఆయనకి చివర కావాలి. ఎలాంటిదైనా సరే, ఒకటి కావాలి. నాకు మాత్రం వాడు ఎక్కడో ఒక ఊళ్ళో, గడ్డం పెంచుకుని, వేరే పేరుతో, మమ్మల్ని ద్వేషిస్తూ అయినా సరే, బతికి ఉండాలి. ఆయన ముందు ఆ ఊరిని నేనెప్పుడూ బయటపెట్టలేదు. నా లోపల అందులో వీధులు కూడా ఉన్నాయి.

జులైలో బెథని వచ్చింది. తప్పిపోయినవాళ్ళ ఇళ్ళతో మాట్లాడే పోలీసమ్మాయి. నెవిల్ పెరట్లో చిక్కుళ్ళు కోస్తున్నాడు. చేతిలో గిన్నెతోనే వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు. ముందే చెబుతున్నానండీ, ఇంకా ఏమీ తేలలేదు అంది. హంబర్ నది సముద్రంలో కలిసే చోట, ఆటుకి నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురదలో ఎముకలు బయటపడ్డాయి. మగమనిషి. పొడుగు. ముప్ఫై దరిదాపు వయసు. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాయి. మా ఇద్దరి నోట్లోంచీ దూదిపుల్లతో నమూనా తీసుకోవడానికి వచ్చింది.

"మా ఉమ్ము ఇప్పటికే ఊరందరి దగ్గరా ఉందమ్మా" అన్నాడు నెవిల్. "చుట్టాల్ని వెతికిపెట్టే రెండు కంపెనీలకి గుంపంతా పంపాం. మీకూ కాస్త ఇస్తాం, దానికేం."

ఆ అమ్మాయికి నవ్వాలో కూడదో తెలియలేదు. నెవిల్ గిన్నె బల్ల మీద పెట్టి, డాక్టరు దగ్గర చిన్నపిల్లవాడిలా నోరు తెరిచాడు. ఆ తర్వాత, కింది దవడలో ఏడ్రియన్‌కి ఒక పన్ను సగం విరిగి ఉంటుందనీ, సైకిలు మీంచి పడ్డాడనీ చెప్పబోయాడు.

"మీరు అప్పుడే చెప్పారు మిస్టర్ లిస్టర్. మా దగ్గరుంది." ఆమె దూదిపుల్లని గొట్టంలో పెట్టి మూత బిగించింది. "ఆ భాగం దొరకలేదండీ."

ఆమె వెళ్ళాక నెవిల్ మళ్ళీ చిక్కుళ్ళ దగ్గరికి వెళ్ళాడు. నేను కిటికీలోంచి చూశాను. లేతవీ ముదిరినవీ చూసుకోకుండా అన్నీ కోసేస్తున్నాడు.

ఆ తర్వాతి వారాల్లో ఆయన మారిన తీరు చూసి నాకు భయం వేసింది. ఏడేళ్ళుగా సగం రాత్రి మెలకువగా ఉండే మనిషి ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నాడు. పక్కింటాయనతో కంచె మరమ్మతు గురించి మాట్లాడాడు. ఒకరోజు భోజనాల దగ్గర, ఏడ్రియన్‌కి చిన్నప్పుడు బడిలో ఏ కీర్తన ఇష్టమో గుర్తుందా అని అడిగాడు. పెళ్ళి కుదిరిన ఇంట్లో ఉండే హడావుడిలాంటిది, గొంతు తగ్గించి, మా ఇంట్లో నడుస్తోంది. నేను గుర్తులేదని అబద్ధం చెప్పాను. నా ఊళ్ళో నేను తలుపులు వేసుకుంటున్నాను. అవి వాడి ఎముకలు కావు, కావు అని గిన్నెలు తోముతూ, బస్సులో కూర్చుని, చర్చిలో అందరితోపాటు మోకరించి, అదే అనుకున్నాను.

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం మేడ మీంచి పిలిచాడు.

"హేజెల్. దొరికాడు."

ఏడ్రియన్ అనుకుని సగం మెట్లు పరుగున ఎక్కేశాను. కాస్త ఆగి అర్థమైంది, ఏమస్ అని. హల్ నగరంలో, దిక్కులేనివాళ్ళని ఉంచే ధర్మశాలలో, ఏమస్ థాక్రే అనే కూలివాడు పోయాడు. వయసు ఏడాది అటూ ఇటూ కలుస్తోంది. యార్క్‌నించి పారిపోయినవాడు రేవుకి పోక ఎక్కడికి పోతాడు, ఓడల్లో సరుకు మోసుకుని బతికి ఉంటాడు, ముసలితనంలో చూసేవాళ్ళు లేక ధర్మశాలలో చేరి ఉంటాడు అని నెవిల్ గడగడా చెప్పుకుపోయాడు. ఆయన ముఖం కుర్రవాడి ముఖంలా ఉంది.

"అరవై ఒకటి జనాభా లెక్కలు చూశావా?" అన్నాను.

"చూస్తాలే" అన్నాడు. "ముందు నువ్విది చూడు."

ఆ లెక్కలు మాకు మొట్టమొదట చూసే చోటు. ఒక్క రాత్రి దేశంలో ఎవరు ఎక్కడ పడుకున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నవి. నెవిల్ అవి చూడకుండా ఎవర్నీ బల్ల మీదికి తేలేదు. మర్నాడు ఆయన తోటపనికి వెళ్ళినప్పుడు నేను చూశాను. ఎక్కువసేపు పట్టలేదు. ఆ రాత్రి మా ఏమస్ యార్క్ బారక్స్‌లో మిగతా సిపాయిలతోపాటు ఉన్నాడు. అదే రాత్రి హల్‌లో, చేపల రేవు వెనక సందులో, తల్లి ఇంట్లో ఇంకో ఏమస్ థాక్రే పడుకున్నాడు. వలలు లాగేవాడు. ఒక మనిషి ఒక రాత్రి రెండు ఊళ్ళలో పడుకోడు. తర్వాతి లెక్కల్లో కూడా వాడు అదే సందులో, చివరికి ధర్మశాలలో కనబడ్డాడు. అక్కడ పోయినవాడు ఆ రెండోవాడు. ఇంతకన్నా పెద్ద రాయి ఉండదు.

గురువారం నెవిల్ చాలా బాగా మాట్లాడాడు. ఎప్పుడూ తల వంచుకుని చదివేవాడు ఆరోజు అందరి కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. చెప్పడం అయ్యాక మ్యూరియెల్ "సరే, రాళ్ళు" అంది. అందరూ నా వైపు తిరిగారు. నెవిల్ కూడా తిరిగాడు. ఆయన చూపులో బతిమాలడం లేదు. నీ ఇష్టం అన్నట్టు ఉంది. ఆయన ఆ లెక్కలు చూడడం మర్చిపోలేదనీ, చూడకుండా తప్పించుకున్నాడనీ ఆ క్షణంలో నాకు అర్థమైంది. నేను చూసి ఉంటానని కూడా ఆయనకి తెలుసు.

"నా దగ్గరేం లేదు" అన్నాను.

గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. దళం మొత్తం మూసుకుంది. ఈ రోజు కోసమని మ్యూరియెల్ ఎప్పటినించో అల్లం కేకు చేస్తానంటూ ఉండేది. సెలవులకి వెళ్ళినవాళ్ళు కూడా వచ్చాక తెస్తానంది. అంత వెతికిన తనకి పక్కనున్న హల్ తట్టకపోవడం ఏమిటో అంటూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కాస్త ఎక్కువసేపే ఉంది.

నెవిల్ ఆ శనివారమే హల్ వెళ్దామన్నాడు. ధర్మశాలలో పోయినవాళ్ళని పాతిపెట్టిన చోటు ఊరి పడమటి స్మశానంలో ఒక మూల. రాళ్ళు లేవు, పేర్లు లేవు. గడ్డి, చుట్టూ ఇనప కంచె. చినుకులు పడుతున్నాయి. నెవిల్ టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు.

"ఏ చోటో తెలీదు కదా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఏ చోటైతేనేం. ఈ కంచె లోపలే ఉన్నాడు." కొంచెం ఆగి అన్నాడు. "అది చాలు హేజెల్. ఈ కంచె లోపల అని తెలిస్తే చాలు. ఇక మిగతా ప్రపంచమంతా వెతకక్కర్లేదు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. బాగా తడిసిపోయాం. ఆ గడ్డిలో ఎక్కడో ఉన్నది ఎవరో చేపలవాడు. మా ఏమస్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. అది తెలిసి కూడా నాకు గుండెల్లో బరువు దిగినట్టయింది. ఏడేళ్ళుగా నేను కట్టుకున్న ఊరు అక్కడ, ఆ చినుకుల్లో, ఏ చప్పుడూ లేకుండా ఖాళీ అయిపోయింది. బురదలో దొరికినవాడు మావాడే అయితే బాగుండు అనుకున్నాను. అనుకుని, ఆ మాట నాలోంచి వచ్చిందని నమ్మలేక, కంచె పట్టుకుని నిలబడ్డాను.

తిరిగి వస్తూ రేవు దగ్గర బెంచీ మీద కూర్చుని చేపా బంగాళదుంపలూ తిన్నాం. ఫుల్‌ఫర్డ్ స్మశానంలో గోడవార చోటు ఖాళీ ఉందట, పొద్దుటెండ పడుతుందట అని నెవిల్ చెప్పాడు. పడమటెండ అయితే వాడికి ఇంకా ఇష్టమేమో అన్నాను నేను. మా అబ్బాయి గురించి అంత మామూలుగా మేం మాట్లాడుకుని ఏడేళ్ళైంది. ఆ రోజు మేం సంతోషంగా ఉన్నామని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ ఉన్నాం.

నెలాఖరున ఫోనొచ్చింది. నేను బట్టలు మడత పెడుతున్నాను. నెవిల్ నడవలో నిలబడి అవునండీ, అవునండీ, మీ దయ అన్నాడు. ఫోను పెట్టేసి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

"కాదట."

నేను చేతిలో ఉన్న దుప్పటి మడత పెడుతూనే ఉన్నాను.

"నది అవతలివాళ్ళ అబ్బాయట. గ్రిమ్స్‌బీ. వాళ్ళకి పొద్దున్నే చెప్పారట."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఏమస్ కూడా కాదు కదా?"

"కాదు."

"ఆ రాత్రి బారక్స్‌లో ఉన్నాడా?"

"ఉన్నాడు. ధర్మశాలవాడు హల్‌లోనే ఉన్నాడు, వాళ్ళమ్మ దగ్గర."

ఆయన తల ఊపాడు. కోప్పడలేదు. నేనెందుకు చెప్పలేదని అడగలేదు. లేచి, దుప్పటి రెండో కొస పట్టుకుని, నాతోపాటు మడత పెట్టాడు. కొసలు కలిపేటప్పుడు ఆయన వేళ్ళు చల్లగా తగిలాయి.

తర్వాతి గురువారం నెవిల్ తనే లేచి ఏమస్‌ని మళ్ళీ తెరిచాడు. లెక్కలు సరిగా చూసుకోలేదు, పొరపాటు నాది అన్నాడు. మ్యూరియెల్ అల్లం కేకు అప్పటికే కోసేసింది. కోసిన ముక్కలు అందరం తిన్నాం. బస్టాపు దాకా నాతో నడిచొస్తూ మ్యూరియెల్ బురదలో దొరికినవాడి సంగతి అడిగింది. మావాడు కాదని చెప్పాను.

"అయితే మంచిమాటే కదా" అంది. "ఇంకా ఆశ ఉన్నట్టే కదా." అనేసి నా ముఖం చూసి ఆగిపోయింది.

ఆ వారమంతా అందరూ అదే అన్నారు. చుట్టుపక్కలవాళ్ళు, చర్చివాళ్ళు, ఫోనులో నా చెల్లెలు. హమ్మయ్య అన్నారు. నేను అవునవునన్నాను. లోపల మాత్రం నది అవతల ఎవరో ఒక తల్లి మీద నాకు అసూయగా ఉంది. ఆమె ముఖం నాకు తెలియదు. ఆమె కొడుకు తలలేకుండా ఏళ్ళకేళ్ళు బురదలో పడి ఉన్నాడు. అయినా అసూయగా ఉంది, పక్కింట్లో పెళ్ళి జరుగుతుంటే తలుపేసుకుని కూర్చున్నట్టు. మనసు ఎంత నీచానికి దిగుతుందో చూస్తూ, ఆపలేక, అలాగే ఉన్నాను. నెవిల్‌కి కూడా అలాగే ఉందేమో. అడగలేదు. ఆయనకి మళ్ళీ నిద్ర పట్టడం లేదు.

సెప్టెంబరులో పేపర్లో ఆ అబ్బాయి పేరు వేశారు. లీ స్టాథర్. శుక్రవారం గ్రిమ్స్‌బీ పక్కనే క్లీథార్ప్స్‌లో అంత్యక్రియలు. వచ్చేవాళ్ళు రావచ్చని రాశారు. నెవిల్ పేపరు మడిచి, రైళ్ళ వేళలు చూశాడు. మనం ఎందుకు వెళ్ళాలని నేనడగలేదు. ఎందుకో నాకు తెలుసని కూడా చెప్పలేను. రైల్లో ఇద్దరం కిటికీ బయటికే చూశాం.

చిన్న ప్రార్థనాలయం. వచ్చినవాళ్ళు చాలా తక్కువ. అబ్బాయి పనిచేసిన చేపల గోదాంవాళ్ళు కొందరు చివరి వరసలో కుదురుగా కూర్చున్నారు. గుమ్మంలో ఒక పొట్టి ఆవిడ నిలబడి లోపలికొచ్చేవాళ్ళందరి చేతులూ పట్టుకుంటోంది. నల్ల కోటు ఆమెకి వదులుగా ఉంది. ఆమెను చూడగానే నా అసూయంతా ఎటు పోయిందో తెలియలేదు. ఇంత చిన్న మనిషా అనుకున్నాను.

ఆమె నెవిల్ చెయ్యి పట్టుకుని, ఎవరో గుర్తు తెచ్చుకోవడానికి చూసింది.

"మా లీ మీకెలా తెలుసండీ?"

నెవిల్ ఏదో అబద్ధం చెబుతాడనుకున్నాను. రైల్లో అదే ఆలోచించుకుని ఉంటాడనుకున్నాను.

"తెలీదమ్మా" అన్నాడు. "ఈ వేసవంతా మావాడనుకున్నాం."

ఆమె కదల్లేదు. ఆయన చెయ్యి వదల్లేదు. మా వెనక వచ్చినవాళ్ళు ఆగి నిలబడ్డారు. ఆమె ఒకసారి నన్ను చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది.

"మరి మీవాడు?"

"ఇంకా దొరకలేదమ్మా."

ఆమె తల ఊపింది. తర్వాత మా ఇద్దరి మధ్యకీ వచ్చి, చెరో చెయ్యీ పట్టుకుని, "వెనక కూర్చోకండి" అంది. "ముందు వరసలో నేనొక్కదాన్నే ఉన్నాను."

వెళ్ళి ఆమెతో కూర్చున్నాం. పెట్టె తెస్తున్నప్పుడు అందరూ లేచారు. నెవిల్ అందరికన్నా ముందే లేచి, రెండు చేతులూ పక్కలకి దించి, నిటారుగా నిలబడి ఉన్నాడు.